మైనపుపండు పండిన వారం

ఆ ఉదయం బైనాక్యులర్‌తో చెట్టు తలలోకి చూసినప్పటి నుంచి ఉడతకు కాలు ఒకచోట నిలవడం లేదు. నిన్నటిదాకా ఆకుల్లో ఆకుల్లా పచ్చగా కలిసిపోయిన కాయలు కొన్ని పసుపు తిరిగాయి. రెండు మూడు కాయలకైతే అడుగున నారింజరంగు కూడా పట్టింది. అంటే ఇంక వారం. మహా అయితే ఎనిమిది రోజులు.

ఉడత అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అడవి అంచున ఉన్న నర్సరీలో చేరిన కొత్తలో, తాడు వేసేలోపే మొదటి కొమ్మ మీద కూర్చుని కాళ్ళు ఊపుతుంటే ఎవరో అన్న మాట అది. అదే స్థిరపడిపోయింది. పద్దెనిమిదేళ్ళు చెట్లెక్కి విత్తనాలు కోసుకొచ్చింది. నాలుగేళ్ళ కిందట పడింది. తుంటి ఎముక విరిగింది. అప్పటి నుంచి సంచుల్లో మట్టి నింపడం, మొక్కలకు నీళ్ళు పట్టడం ఆమె పని. నడకలో చిన్న ఒంక మిగిలింది గానీ ఎముక అతుక్కుందని, ఎక్కవచ్చని ఆసుపత్రివాళ్ళు కిందటేడే రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఆమె ఎవరికీ చూపించలేదు.

మైనపుపండు చెట్టు మామూలు చెట్టు కాదు. ఏడాదిలో ఎనిమిది నెలలు తడి ఆరని పెద్ద అడవిలో తప్ప బతకదు. పదంతస్తుల మేడంత ఎత్తు. సగం పైకి వెళ్తే గానీ మొదటి కొమ్మ దొరకదు. పండు జామకాయంత ఉంటుంది. తోలు మైనం పూసినట్టు నున్నగా, లోపల తేనెరంగు గుజ్జు, ఆ గుజ్జు మధ్యలో ఒకే ఒక్క గింజ. బొప్పాయిలో లాగా ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగచెట్లు ఆ అడవిలో ఇంకా ఇరవై దాకా ఉన్నాయి. ఆడచెట్లు వెతగ్గా వెతగ్గా దొరికినవి రెండు. అందులో ఒకటి పోయినేడు గాలివానకు వేళ్ళతో సహా పడిపోయింది. మిగిలిన ఈ ఒక్కటీ నాలుగేళ్ళకోసారి గానీ కాయదు. పోనీ కాసినప్పుడు కోసి దాచుకుందామా అంటే, ఆ గింజ దాగదు. తడి ఆరిందా, చచ్చిందే. చెట్టు దిగాక పట్టుమని పదిరోజులు బతకదు. కింద రాలితే పురుగూ ఎలుకా వదలవు. పైన ఉంటే పెద్దముక్కు పిట్టలు వదలవు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చిన ఉడత రెండు ముద్దలు తిని లేచింది. కిటికీ దగ్గరికెళ్ళి అడవివైపు చూసింది. వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది. ముందుగదిలో కుట్టుమిషను మీద ఉన్న మొగుడు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నీ కాళ్ళకు నా మిషను తగిలించి ఉంటే ఈపాటికి పది చొక్కాలు కుట్టేసేవాణ్ణే" అన్నాడు.

"మైనపుపండు పసుపు తిరిగిందయ్యా."

మిషను ఆగింది. ఆయన మళ్ళీ హాస్యమాడలేదు. "ఎవరెక్కుతారు?" అని మాత్రం అడిగాడు.

"ఏమో" అంటూ చెప్పులు వేసుకుని బయటపడింది ఉడత.

నర్సరీకి పెద్ద డాక్టరమ్మ. మందులిచ్చే డాక్టరు కాదు, చెట్ల మీద పెద్ద చదువు చదివిన డాక్టరు. మనిషి పొట్టి, మాట పొడుగు. ఉడత వెళ్ళేసరికి ఫోను చెవికి ఆనించుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. ఫోను పెట్టేసి, "చెట్లెక్కే కాంట్రాక్టు వాళ్ళు ఇంకో అడవిలో పనిలో ఉన్నారట. పన్నెండు రోజులకు గానీ రాలేమంటున్నారు" అంది.

"పన్నెండు రోజులకు తొడిమలు కూడా మిగలవు మేడం."

"తెలుసు. కింద వల కడదామంటే ఆ పొదల్లో వల పరిచే చోటే లేదు. ఒకపక్కంతా ఏటికి జారుడు." డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "పోయినసారి కూడా ఇంతే. ఒక్క గింజ దక్కలేదు. ఈసారీ పోతే ఇంకో నాలుగేళ్ళు. అప్పటిదాకా ఆ చెట్టు నిలబడి ఉంటుందో లేదో కూడా తెలీదు."

పోయినసారి ఎందుకు దక్కలేదో ఇద్దరికీ తెలుసు. ఉడత పడ్డది ఆ పండ్ల కోసం ఎక్కినప్పుడే, ఇప్పుడు లేని ఆ రెండో చెట్టు మీది నుంచే. ఆ రోజుతో ఎక్కడాలన్నీ ఆపేశారు. కోసిన కాసినీ ఆ గొడవలో సంచుల్లోనే కుళ్ళిపోయాయి, రెండు చెట్ల మీదా మిగిలినవి పిట్టల పాలయ్యాయి.

"నేనెక్కుతా" అంది ఉడత.

డాక్టరమ్మ ఆమె కాలి వైపు చూసింది. "కాలు?"

"బాగానే ఉంది. ఆసుపత్రి కాగితం కూడా ఉంది. కాకపోతే తాడు పట్టడానికి మా తమ్ముడు కావాలి. ఆ చెట్టు మీద నేను ఎటు వంగితే తాడు ఎటు పోవాలో వాడికి తప్ప ఇంకెవరికీ తెలీదు."

"ఎవరూ? నిన్ను పడేసినవాడా?"

ఉడత తలవంచుకుంది. "వాడే" అంది.

*

చెట్టెక్కేవాళ్ళ ప్రాణం రెండుచోట్ల ఉంటుంది. నడుముపట్టీకి కట్టిన పెద్దతాడు పైన కొమ్మ పంగలోంచి తిరిగి కిందికొస్తుంది. దాని రెండో కొస కింద నిలబడ్డ మనిషి చేతిలో ఉంటుంది. అది ఒకటి. రెండోది నడుము దగ్గరే వేలాడే పొట్టితాడు. కొమ్మ మీద కుదురుకున్నాక దాన్ని ఆ కొమ్మకు కొక్కెంతో తగిలించుకోవాలి. పెద్దతాడు వదులు కావాలంటే పొట్టితాడు తగిలించి ఉండాలి. పొట్టితాడు విప్పాలంటే పెద్దతాడు బిగించి ఉండాలి. రెండూ ఒకేసారి వదులుగా ఉండకూడదు. ఇది ఉడత కొత్తవాళ్ళకు ఏళ్ళ తరబడి నేర్పిన పాఠం.

ఆ రోజు పది సంచులు నిండాల్సిన చోట మూడే నిండాయి. పొద్దు వాలుతోంది. కొమ్మ చివర ఒక పెద్ద గుత్తి, ఇరవై పైనే పండ్లు, అందీ అందనట్టు ఊగుతోంది. పొట్టితాడు పొడుగు చాలలేదు. ఒక్క నిమిషమే కదా అని కొక్కెం విప్పేసింది. ముందుకు పాకుతూ కిందికి కేకేసింది: "వదులు!"

తమ్ముడు వదిలాడు. కొమ్మ విరిగింది.

తాడు సర్రున జారిపోతుంటే వాడు తాడు జారకుండా ఆపే ఇనుప పట్టీని నమ్ముకోకుండా రెండు చేతులతో ఒడిసిపట్టుకున్నాడు. అరచేతుల తోలు ఊడొచ్చింది. పట్టు మాత్రం వదల్లేదు. అందుకే ఉడత నేలకు కొట్టుకోలేదు. మధ్యలో ఆగి, ఊగివెళ్ళి మానుకు గుద్దుకుంది.

మూడోరోజు ఆసుపత్రికి పై ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి ఫైలు పట్టుకొచ్చాడు. "వదలమని నువ్వడిగావా?" అన్నాడు. కాలికి బరువులు కట్టి ఉన్నాయి. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, ఉడత అంతటి మనిషి కొక్కెం విప్పిందట అని నలుగురూ చెప్పుకుంటారన్న సిగ్గు ఒకటి, రెండూ కలిసి నిజం చెప్పనివ్వలేదు. "లేదు సార్" అంది. తమ్ముణ్ణి కాస్త మందలించి వదిలేస్తారనుకుంది. వారం తిరక్కుండా వాణ్ణి తీసేశారు.

రెండు చేతులకూ కట్లతో వాడు మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అరవలేదు, ఏడవలేదు. "ఎందుకక్కా?" అన్నాడు. ఉడత గోడవైపు తిరిగి పడుకుంది. వాడు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళుగా చుట్టాల ఇళ్ళ శుభకార్యాలకు కూడా, వాడొచ్చే పూట ఆమె వెళ్ళలేదు, ఆమె వచ్చే పూట వాడు రాలేదు.

*

తమ్ముడు ఊరి చివర కలప డిపోలో రంపాలకు పదును పెట్టే పని చేస్తున్నాడు. ఉడత వెళ్ళేసరికి రేకుల షెడ్డు కింద పొడుగాటి రంపపు పట్టీని బల్లకు బిగించి, ఒక్కో పన్నునూ ఆకురాయితో రాస్తున్నాడు. దుంగలు కోసే మిషను హోరులో ఆమె అడుగుల చప్పుడు వినపడలేదు. ఆకురాయి పట్టుకున్న వాడి అరచేతిలో అడ్డంగా మెరుస్తున్న నున్నటి మచ్చ ఆమెకు దూరం నుంచే కనిపించింది. అక్కడి నుంచే వెనక్కి పోదామనిపించింది.

"ఒరేయ్ తమ్ముడూ!"

వాడు తలెత్తాడు. ఆకురాయి కింద పెట్టాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. అంతా నింపాదిగా చేశాడు. "బావ బాగున్నాడా?" అన్నాడు.

"బాగున్నాడు. నీ పెళ్ళాం, పిల్ల?"

"ఆఁ."

అక్కడితో మర్యాదలు అయిపోయాయి. ఉడత ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చింది. చెప్పాల్సింది ఒకే గుక్కలో చెప్పేసింది: పండు పసుపు తిరిగింది, వారమే టైము ఉంది, కాంట్రాక్టు వాళ్ళు రారు, తను ఎక్కుతుంది, తాడు వాడు పట్టాలి.

వాడు వింటూ రంపం పన్ను ఒకదాన్ని వేలితో తడుముతున్నాడు. "ఎన్ని గుత్తులున్నాయి?" అన్నాడు.

ఆ ప్రశ్నతో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "కనపడేవే పద్నాలుగు. తూర్పువైపు కొమ్మ విరగకాసిందిరా."

"అయితే మంచిదే." వాడు మళ్ళీ ఆకురాయి తీసుకున్నాడు. "వస్తానక్కా. కానీ ముందు ఆఫీసుకు వెళ్ళు. ఆ రోజు ఏం జరిగిందో డాక్టరమ్మకు చెప్పు. చెప్పాక నాకు కబురు పెట్టు."

"ఇప్పుడు దానికి టైము ఎక్కడుందిరా? పండ్లు కోశాక..."

"కోశాక చెప్పవు. నిన్ను నాకు తెలీదా?" గొంతు పెంచకుండానే అన్నాడు. "నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో నేను అక్కను పడేసినోణ్ణి. నా కూతురు బళ్ళో ఎవరో అడిగారట, మీ నాన్న చేతులు వణుకుతాయా అని. మళ్ళీ అదే పేరుతో వచ్చి ఆ చెట్టు కింద నిలబడమంటావా?"

దుంగ తెగి దబ్బున పడింది. ఉడత ఉలిక్కిపడింది. వాడు ఉలిక్కిపడలేదు.

ఇంటికొచ్చి చీపురు పట్టుకుని ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది. మొగుడు కాసేపు చూసి, "వాడేమన్నాడు?" అని అడిగాడు. చీపురు గోడకానించి, బొత్తాల డబ్బా పక్కన నేల మీదే కూర్చుని, నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పింది. చెబుతూ ఆయన వైపు చూడలేదు. నేల మీద పడ్డ దారప్పోగులు ఏరుతూ ఉండిపోయింది.

"నాకు తెలుసే" అన్నాడు ఆయన.

ఉడత చేతిలో పోగులు జారిపోయాయి. "ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఆసుపత్రిలో మందు మత్తులో పదిసార్లు కేకేశావు, 'వదులు, వదులు' అని. నాకు చెట్లెక్కడం తెలీదు గానీ ఆ మాట ఎవరంటారో ఆ మాత్రం తెలుసు."

"మరి ఎందుకడగలేదయ్యా?"

"నువ్వే చెబుతావని చూశా. తర్వాత అడగడానికి నాకే మొహం చెల్లలేదు. వాడు బజారులో ఎదురుపడితే నేను పక్క సందులోకి తిరిగేవాణ్ణి." కత్తెర తీసి, కత్తిరించడానికి ఏమీ లేక మళ్ళీ పెట్టేశాడు. "ఇంకెన్ని సందులు తిరగమంటావు నన్ను?"

*

మర్నాడు ఆఫీసుకు వెళ్ళాల్సిన మనిషి అడవిలోకి వెళ్ళింది. ముందు చెట్టు చూసి, తర్వాత వెళ్తానని తనకు తనే సర్దిచెప్పుకుంది. జలగలు కాళ్ళకు పట్టినా చూసుకోకుండా గబగబా నడిచింది. చెట్టు ఇంకా యాభై గజాల దూరంలో ఉండగానే పైన రెక్కల చప్పుడు వినపడింది. తడిగుడ్డ దులిపినట్టు బరువైన చప్పుడు.

పెద్దముక్కు పిట్టలు. నాలుగు. తూర్పు కొమ్మ మీద వాలి, పండును ముక్కుతో తుంచి, గాల్లోకి ఎగరేసి, నోరు తెరిచి మింగుతున్నాయి. పిట్టల తప్పేం లేదు. ఆ గింజల్ని నాలుగు దిక్కులా చల్లి ఆ చెట్టును ఇన్నాళ్ళూ బతికించినవి అవే. కానీ ఇప్పుడు చల్లిన చోటల్లా తోటలు, రోడ్లు, ఇళ్ళు. మొలిచే జాగా లేదు. ఉడత చేతులు తట్టింది. అరిచింది. ఒక రాయి విసిరితే అది సగం ఎత్తుకైనా పోకుండా పొదల్లో పడింది. పిట్టలు కిందికి చూడనైనా చూడలేదు. నిన్న పద్నాలుగు గుత్తులు. ఇవాళ లెక్కపెడితే పదకొండు.

అక్కడి నుంచి తిన్నగా డాక్టరమ్మ గదికి వెళ్ళింది. చెప్పుల బురద కూడా దులుపుకోలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, ఆ రోజు మా తమ్ముడు తనంతట తను తాడు వదల్లేదు. వదలమని నేనే అరిచా. పొట్టితాడు కొక్కెం కూడా నేనే విప్పా. ఫైలు పట్టుకొచ్చిన సారుకు అబద్ధం చెప్పా."

డాక్టరమ్మ చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

"వాడి ఉద్యోగం తీసేస్తూ ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేను" అంది డాక్టరమ్మ. "వాడు నా ఎదుట నిలబడి, 'అక్క వదలమంది మేడం' అన్నాడు. సొంత అక్క మీద తోసేస్తున్నావా, సిగ్గు లేదా అని తిట్టి పంపించాను. ఆ మాట నేను ఎట్లా వెనక్కి తీసుకోవాలి, చెప్పు?"

డాక్టరమ్మ ఒక తెల్లకాగితం తీసి ఉడత ముందుకు తోసింది.

"పై ఆఫీసుకు రాస్తాను. నీ చేత రాయించి, సంతకం పెట్టించి మరీ పంపిస్తాను. వాళ్ళు నిన్ను ఏం చేస్తారో నా చేతుల్లో లేదు." డాక్టరమ్మ లేచి కిటికీ దగ్గరికి నడిచింది. "ఇంకో సంగతి. నువ్వు ఎక్కవు. ఈ చెట్టే కాదు, నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ ఏ చెట్టూ ఎక్కవు."

"మేడం! పిట్టలొచ్చేశాయి మేడం. మూడు గుత్తులు పోయాయి. ఈ ఒక్కసారికీ..."

"ఒక్క నిమిషమే కదా అని కొక్కెం విప్పావు. ఇప్పుడు ఈ ఒక్కసారే అంటున్నావు. మొక్క దక్కకపోతే ఏడుస్తాను. మనిషి పోతే ఏం చేయను?"

నిజం చెబితే దారి తెరుచుకుంటుందనుకుని వచ్చిన ఉడతకు ఉన్న దారి కూడా మూసుకుపోయినట్టయింది. అయినా తమ్ముడు పెట్టమన్న కబురు పెట్టాల్సిందే. డిపోకు వెళ్ళి తమ్ముడి ముందు నిలబడి చెప్పింది: "చెప్పేశానురా. అన్నీ. రాసి సంతకం పెట్టాను. నన్ను మాత్రం ఎక్కనివ్వరట."

వాడు ఆకురాయి కింద పెట్టలేదు. అదే చేతిలోంచి జారిపడింది. వంగి తీసుకోవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది వాడికి. లేచాక కళ్ళు తుడుచుకున్నాడో, రంపపు పొడి తుడుచుకున్నాడో ఆమెకు తెలియలేదు.

"పద" అన్నాడు.

"ఎక్కడికి?"

"డాక్టరమ్మ దగ్గరికి."

నాలుగేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కిన మనిషి లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. ఏదో అనబోయింది. వాడు ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం మేడం. నేనెక్కుతా. తాడు అక్క పట్టుకుంటుంది."

"నువ్వెప్పుడైనా అంత ఎత్తు ఎక్కావా?"

"అక్క రాని రోజుల్లో ఎక్కేవాణ్ణి. అక్కంత వడిగా ఎక్కలేను. ఎక్కగలను."

డాక్టరమ్మ ఉడత వైపు ఒకసారి చూసి, "ఆవిడ మీద నీకు నమ్మకం ఉందా?" అని అడిగింది.

వాడు ఆలోచించాడు. ఆ ఆలోచించిన కాస్తసేపూ ఉడత ముళ్ళ మీద నిలబడ్డట్టు నిలబడింది.

"తాడు వరకూ ఉంది" అన్నాడు తమ్ముడు.

*

తాళ్ళు తడిమి చూసుకోవడానికి, డిపోలో సెలవు అడగడానికి ఒక రోజు పోయింది. ఆ మర్నాడు తెల్లవారుతూనే చెట్టు కింద ఉన్నారు. తొమ్మిది గుత్తులు మిగిలాయి. పడమట మబ్బు కమ్ముకుంటోంది.

వాడు ఎక్కుతుంటే ఉడతకు పిచ్చెక్కినంత పనైంది. ప్రతి కొమ్మ దగ్గరా ఆగడం, పొట్టితాడు తగిలించడం, ఒకసారి లాగి చూడటం, మళ్ళీ లాగి చూడటం, అప్పుడు "బిగించు" అనడం. తనైతే ఈపాటికి రెండు సంచులు నింపి కిందికి దించేది. "తొందరగా కానీరా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. పక్కన గొడుగు పట్టుకు నిలబడ్డ డాక్టరమ్మ ఆమె పెదవులు కదలడం గమనిస్తూనే ఉంది.

మొదటి సంచి చిన్నతాడు మీద కిందికి దిగింది. తరువాత రెండోది. పండ్లు వెచ్చగా, మెత్తగా, తేనె వాసనతో ఉన్నాయి. వాటిని ముట్టుకోవడానికైనా ఉడత చేతులు ఖాళీగా లేవు. తాడు మీది నుంచి చూపు, చేయి రెండూ కదపలేదు.

గాలి మొదలైంది. పై నుంచి కేక వినపడింది.

"వదులు!"

ఉడత చేతులు తాడు మీద బిగుసుకుపోయాయి. కింద నిలబడ్డవాళ్ళకు ఆ మాట ఎట్లా వినపడుతుందో ఆమెకు ఇంతవరకూ తెలీదు. గాలిలో, ఆకుల హోరులో అది ఎంత చిన్నగా వచ్చిందంటే, వచ్చిందో లేదో అని ఎవరైనా వాదించవచ్చు.

"పొట్టితాడు తగిలించావా?" గొంతు చించుకుని అరిచింది.

"తగిలించా!"

"లాగి చూశావా?"

"చూశానక్కా! రెండు బారలు వదులు!"

రెండు బారలు వదిలింది. ఒక్కో జానా లెక్కపెడుతూ వదిలింది. చెమట కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. వాడు కొమ్మ మీద బోర్లా పడుకుని చెయ్యి చాచి ఆరో గుత్తి, ఏడో గుత్తి కోశాడు.

చినుకులు పడ్డాయి. ఇంకా రెండు గుత్తులున్నాయి. అందులో చివరిది అన్నిట్లోకీ పెద్దది, ముప్ఫై పండ్ల దాకా ఉంటాయి, పూర్తిగా నారింజరంగు తిరిగి కొమ్మను వంచేసింది. కింద నుంచి చూస్తుంటే వాడి చేతికి మూరెడు దూరంలోనే ఉన్నట్టుంది. కొమ్మ తడిసి నల్లగా మెరుస్తోంది. వాడు దాని వైపు చూశాడు. పొట్టితాడు వైపు చూశాడు. 'ఆ ఒక్కటీ, ఆ ఒక్కటీ' అని ఉడతను లోపల్నుంచి ఎవరో పీకుతున్నట్టుంది.

"బిగించు! దిగుతున్నా!" అని వినపడింది.

బిగించింది. వాడు దిగాడు. నేల మీద కాలు పెట్టగానే వాన గట్టిగా అందుకుంది. గుత్తి వానలో అలాగే ఊగుతూ ఉంది. ఉడత ఆగలేకపోయింది.

"మూరెడు దూరం కదరా, ఆ పెద్దది..."

"అలాంటి దాని కోసమే కదా నువ్వు ఆ రోజు కొక్కెం విప్పావు" అన్నాడు వాడు నడుముపట్టీ విప్పుకుంటూ. మాటలో వెటకారం లేదు. అందుకే ఉడతకు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

*

డెబ్బై నాలుగు పండ్లు. ఆ సాయంత్రమే నర్సరీ షెడ్డులో పెద్ద తొట్టి ముందు ముగ్గురూ కూర్చున్నారు. తోలు చీల్చి గుజ్జు పిసికి గింజ తీయాలి. గుజ్జు ఉంటే బూజు పడుతుంది. జిగురు మోచేతుల దాకా పాకింది. కడిగిన గింజల్ని నీళ్ళల్లో వేస్తే పురుగు తొలిచినవి తేలాయి. మునిగినవి అరవై ఒకటి. తడి ఇసుక ట్రేలలో వేలి కణుపంత లోతున ఒక్కొక్కటీ పాతిపెట్టారు.

పని మధ్యలో డాక్టరమ్మ తొట్టిలోంచి చేతులు తీయకుండానే తమ్ముడితో, "ఆ రోజు నేను అన్న మాట తప్పు. నన్ను క్షమించు" అంది. వాడు తల ఊపాడు. "ఉద్యోగంలోకి మళ్ళీ తీసుకోమని రాశాను" అని కూడా అంది. వాడు వెంటనే ఎగిరి గంతెయ్యలేదు. "చూద్దాం మేడం" అన్నాడు.

ఉడతకు నెలరోజులు నరకం. ట్రేల చుట్టూ తిరిగింది. పొద్దున చూసి, గంటకోసారి చూసి, మధ్యాహ్నం అన్నం మానేసి చూసింది. ఒకరోజు ఉండబట్టలేక గోటితో ఇసుక గీకి గింజను చూస్తుంటే డాక్టరమ్మకు దొరికిపోయింది. "ఇంకోసారి గీకితే ఈ షెడ్డుకు తాళం వేస్తాను" అని తిట్లు తింది. ఈలోగా పై ఆఫీసు కాగితం వచ్చింది. ఫైలు దిద్దారు. తమ్ముడి తప్పు లేదని రాసి, నర్సరీ గోడకు అంటించారు. ఉడతను పనిలోంచి తీయలేదు గానీ, మూడు నెలలు పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. ఊళ్ళో మాటలు తిరగబడ్డాయి. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమె రాగానే మాట మార్చేవాళ్ళు. ఆమె బిందె నింపుకుని, తల దించకుండా, ఎత్తకుండా వచ్చేసేది.

ముప్ఫై ఏడో రోజున మొదటి మొలక ఇసుకను చీల్చిందని తమ్ముడే వచ్చి చెప్పాడు. ఆ వారంలో ముప్ఫై ఎనిమిది మొలిచాయి. వాడు డిపో మానలేదు. వారానికి రెండు రోజులు నర్సరీకి వచ్చి కొత్తవాళ్ళకు తాడుపని నేర్పడానికి ఒప్పుకున్నాడు.

"ముప్ఫై ఎనిమిదిలో ఆడవి ఎన్నిరా?" వారం చివర వాడు మళ్ళీ వచ్చినప్పుడు గుమ్మంలోనే అడిగింది ఉడత.

"పూత పూస్తే గానీ తెలీదట. పదిహేనేళ్ళు పడుతుందంది మేడం."

"పదిహేనేళ్ళా! అప్పటిదాకా ఎవరాగుతారురా?"

లోపల మిషను ఆగింది. "మీ అక్కకు పదిహేను నిమిషాలు ఆగడమే రాదు" అన్నాడు బావ. తమ్ముడు నవ్వాడు. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో వాడి నవ్వు వినపడటం అదే మొదటిసారి. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"నీకు నా మీద కోపం పోయిందా?" ఉడత అడిగేసింది.

వాడు చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "పోలేదక్కా. పోతుందో లేదో కూడా తెలీదు. కానీ నీ మరదలు రేపు మధ్యాహ్నం మీ ఇద్దర్నీ అన్నానికి రమ్మంది. నేనూ రమ్మంటున్నా."

వాడు సందు మలుపు తిరిగేదాకా ఉడత గుమ్మంలోనే నిలబడింది. లోపలికొచ్చి బీరువా తెరిచి, రేపటికి కట్టుకోవాల్సిన చీర తీసి, నచ్చక మడతపెట్టి, ఇంకోటి తీసింది.

"రేపు మధ్యాహ్నం కదే" అన్నాడు మొగుడు.

"తెలుసులేవయ్యా" అంటూ ఆమె మూడో చీర తీసింది.